విదేశంలో బేరియాట్రిక్ సర్జరీ: ప్యాకేజీ ముగిశాక వచ్చే చిక్కులకు ముందే ఏర్పాట్లు

బరువు తగ్గించే శస్త్రచికిత్స కోసం విదేశీ ఆసుపత్రి పంపే ప్యాకేజీ కాగితం చూడముచ్చటగా ఉంటుంది. విమానాశ్రయానికి కారు వస్తుంది. మొదటి రోజు పరీక్షలు, రెండో రోజు ఆపరేషన్, రెండు మూడు రాత్రులు ఆసుపత్రి గదిలో, ఇంకో రెండు రాత్రులు హోటల్లో, ఆపై తిరుగు విమానం. వారం తిరిగేసరికి ఇంట్లో ఉంటారు. ఆ కాగితం చెప్పనిది ఒకటుంది: ఎనిమిదో రోజు అర్ధరాత్రి జ్వరం, గుండెదడ వస్తే ఎవరి తలుపు తట్టాలి?

ఈ సర్జరీ పేరు చెప్పి భయపెట్టాలని నాకు లేదు. అనుభవమున్న కేంద్రాల్లో దీనివల్ల ప్రాణం పోయే ప్రమాదం వెయ్యి మందిలో ఒకరి దరిదాపుల్లో ఉంటుంది. పిత్తాశయం తొలగింపు వంటి రోజూ జరిగే ఆపరేషన్లతో పోల్చదగిన లెక్క అది. అయితే ఆ లెక్క వెనక ఒక షరతు దాగి ఉంది. చిక్కు వస్తే కొన్ని గంటల్లోనే దాన్ని గుర్తుపట్టి, అవసరమైతే మళ్లీ ఆపరేషన్ గదికి తీసుకెళ్లగల బృందం దగ్గర్లో ఉండాలి. విదేశం వెళ్లి వారంలో తిరిగొచ్చే మనిషి సరిగ్గా దాన్నే వదులుకుంటున్నాడు. అందుకే కింది అడుగులన్నీ ఒకే పని చుట్టూ తిరుగుతాయి: ఏ రోజున ఏ చిక్కు రావచ్చు, ఆ రోజున మీరెక్కడ ఉంటారు, అక్కడ మిమ్మల్ని ఎవరు చూస్తారు అన్నది ముందే రాసిపెట్టుకోవడం.

మొదటి అడుగు: చిక్కుల క్యాలెండర్ గీయండి

ఒక తెల్లకాగితం మీద మూడు నిలువు వరుసలు గీయండి. మొదటి దానిలో చిక్కు, అది వచ్చే కాలం. రెండో దానిలో ఆ సమయానికి మీరుండే చోటు. మూడో దానిలో బాధ్యత తీసుకునే వైద్యుడి పేరు, ఫోన్ నంబరు. మూడో వరుసలో ఎక్కడెక్కడ ఖాళీ మిగిలిందో అదే మీరు ప్రయాణానికి ముందు చేయాల్సిన పని.

మొదటి రెండు రోజుల్లో ప్రధానమైన భయం రక్తస్రావం. అప్పటికి ఆసుపత్రిలోనే ఉంటారు కాబట్టి ఈ గడి సులువుగా నిండుతుంది.

తర్వాతిది లీక్. దీని సంగతి కాస్త వివరంగా తెలుసుకోవాలి. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతాన్ని నిలువునా కోసి తీసేస్తారు. మిగిలేది సన్నని గొట్టం. కోసిన అంచు పొడవునా స్టేపుల్స్ ఉంటాయి. గొట్టం అడుగున ఉన్న కండర ద్వారం ఎక్కువసేపు మూసుకుని ఉండటం వల్ల లోపల ఒత్తిడి పెరుగుతుంది. పై చివర, అన్నవాహిక కలిసే చోట, రక్తప్రసరణ పలచగా ఉంటుంది. స్లీవ్ లీకుల్లో ఎక్కువ భాగం అక్కడే వస్తాయి. ఆపరేషన్ బల్ల మీద రంగు నీళ్లో గాలో పంపి చేసే లీక్ పరీక్ష చక్కగా వచ్చినా, అంచున ఉన్న కణజాలం రక్తం అందక మెల్లగా దెబ్బతిని కొన్ని రోజుల తర్వాత విచ్చుకోవచ్చు. మొదటి రెండు వారాల్లో ఎప్పుడైనా, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా కూడా బయటపడుతుంది. మంచి కేంద్రాల్లో నూటికి ఒకరిద్దరికి మించి రాదు. వచ్చినవారికి మాత్రం డ్రెయిన్ గొట్టాలు, ఎండోస్కోపీతో స్టెంట్, మళ్లీ ఆపరేషన్, నోటితో ఏమీ తీసుకోకుండా వారాల తరబడి ఆసుపత్రి వాసం తప్పకపోవచ్చు. బైపాస్‌లో, అంటే జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిగా వేరుచేసి పేగుకు కలిపే ఆపరేషన్లో, లీక్ సాధారణంగా పేగునీ జీర్ణాశయాన్నీ కలిపిన అతుకు దగ్గర వస్తుంది.

ఇక రక్తం గడ్డలు. కాలి సిరల్లో గడ్డ కట్టి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఆపరేషన్ తర్వాత దాదాపు నెలరోజులు ఉంటుంది. ఇలాంటివి ఎక్కువగా డిశ్చార్జి అయ్యాకే బయటపడతాయి. పేగుల నుంచి కాలేయానికి రక్తం తీసుకెళ్లే సిరలో గడ్డ కట్టడం అరుదే, కానీ స్లీవ్ తర్వాత వచ్చే చిక్కుల్లో అదీ ఒకటి. ఇంటికి చేరాక మొదలైన అంతుచిక్కని కడుపునొప్పిగా అది కనిపిస్తుంది.

వీటంత భయంకరంగా వినిపించకపోయినా, రోగుల్ని మళ్లీ ఆసుపత్రికి రప్పించే కారణాల్లో ముందుండేది ఒంట్లో నీరు తగ్గిపోవడం. వికారం, గుక్క దిగకపోవడం, మందకొడితనం అన్నీ కలిసి నాలుగైదు రోజుల్లో మనిషిని కుదేలు చేస్తాయి.

మూడో వారం దాటాక అతుకు లేదా గొట్టం సన్నబడి వాంతులు మొదలవచ్చు. వాంతులు ఆగకపోతే దాని వెనకాలే విటమిన్ బి1, అంటే థయమిన్ లోపం వస్తుంది. శరీరంలో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. నిర్లక్ష్యం చేస్తే కళ్లు అదుపు తప్పడం, నడక తూలడం, మతి తప్పడం దాకా పోతుంది. కొన్ని నెలల్లో, బరువు వేగంగా తగ్గే రోజుల్లో, పిత్తాశయంలో రాళ్లు. పొగతాగేవారికి, నొప్పిమాత్రలు వాడేవారికి బైపాస్ అతుకు దగ్గర పుండ్లు. బైపాస్ అయినవారికి నెలల తర్వాత, ఏళ్ల తర్వాత కూడా, పేగు పొరల మధ్య సందుల్లో పేగు ఇరుక్కునే అంతర్గత హెర్నియా. ఐరన్, బి12, విటమిన్ డి, కాల్షియం లోపాల గడి జీవితాంతం తెరిచే ఉంటుంది.

ఇప్పుడు ఈ క్యాలెండర్ పక్కన ప్యాకేజీ కాగితం పెట్టి చూడండి. వాటిలోని మొదటి గడి తప్ప మిగతావన్నీ హోటల్లోనో, విమానంలోనో, ఇంట్లోనో పడతాయి.

రెండో అడుగు: సర్జన్ని చిక్కుల గురించి అడగండి

వెబ్‌సైట్లో ముందు, తర్వాత ఫొటోలు చూసి ఆసుపత్రిని ఎంచుకోవడం పెళ్లి ఫొటో చూసి కాపురాన్ని అంచనా వేయడం లాంటిది. మీకు కావలసింది ఆ ఆసుపత్రి కష్టకాలంలో ఎలా ఉంటుందో తెలియడం. కోఆర్డినేటర్‌తో కాదు, ఆపరేషన్ చేసే సర్జన్‌తోనే వీడియోలో మాట్లాడాలని పట్టుబట్టండి. ఈ ప్రశ్నలకు జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి:

– ఏడాదికి ఈ ఆపరేషన్ మీరు స్వయంగా ఎన్ని చేస్తారు? నిరుడు ఎంతమందికి లీక్ వచ్చింది, ఎంతమందికి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది?
– నా ఆపరేషన్ తర్వాత పది రోజులూ మీరు ఊళ్లో ఉంటారా? లేకపోతే మీ స్థానంలో ఎవరుంటారు?
– ఈ భవనంలోనే ఐసీయూ, రక్తనిధి, నా బరువుకు సరిపడే సీటీ స్కాన్ బల్ల, రాత్రివేళ కూడా ఎండోస్కోపీ చేసే వైద్యుడు ఉన్నారా? లేకపోతే ఏ ఆసుపత్రికి పంపుతారు, ఆ ఖర్చు ఎవరిది?
– నేను ఇంటికి వెళ్లిపోయాక మా దేశపు వైద్యుడు ఫోన్ చేస్తే ఎవరు మాట్లాడతారు, ఏ భాషలో?

"మా దగ్గర ఎప్పుడూ లీక్ రాలేదు" అని ఎవరైనా అంటే అక్కడితో మాట ముగించండి. వందల కేసులు చేసిన సర్జన్ ఎవరూ ఆ మాట అనరు.

జేసీఐ వంటి అంతర్జాతీయ గుర్తింపు మంచిదే. అయితే అది ఆసుపత్రి వ్యవస్థకు ఇచ్చేది, మీ కడుపు కోసే చేతికి ఇచ్చేది కాదు. ఆ దేశపు వైద్య మండలి రిజిస్టరులో సర్జన్ పేరు ఉందో లేదో విడిగా చూసుకోవాలి.

మీకు అసలు ఈ సర్జరీ అర్హత ఉందా అన్నది కూడా ఇక్కడే తేలాలి. బేరియాట్రిక్ సర్జన్ల అమెరికన్ సంఘం, అంతర్జాతీయ సమాఖ్య ఇఫ్సో కలిసి 2022లో ఇచ్చిన సూచనల ప్రకారం బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును కొలిచే సూచిక) 35 దాటినవారికి మిగతా జబ్బులతో నిమిత్తం లేకుండా, 30 నుంచి 35 మధ్య ఉన్నవారికి మధుమేహం వంటి జీవక్రియా సమస్యలు ఉన్నప్పుడు సర్జరీ ఆలోచించవచ్చు. ఆసియా జనాభాకు ఈ గీత 27.5 దగ్గరే మొదలవుతుంది. ఎత్తు, బరువు సందేశంలో పంపితే పావుగంటలో తేదీ ఇచ్చేసే చోటు మీ చిక్కుల గురించి కూడా అంతే శ్రద్ధ చూపిస్తుంది. ఒకే మత్తులో స్లీవ్‌తో పాటు పొట్ట చర్మం బిగించే ఆపరేషన్ కూడా చేస్తామని రాయితీ ఇస్తే వద్దనండి. మత్తులో ఉండే సమయం పెరుగుతుంది, గడ్డల ప్రమాదమూ పెరుగుతుంది.

కత్తి పెట్టని చికిత్సలకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. 2023 ఫిబ్రవరి, మార్చి నెలల్లో టర్కీలో బరువు తగ్గడానికి జీర్ణాశయంలో బొటులినమ్ ఇంజెక్షన్లు చేయించుకున్న యూరప్ వాసుల్లో పదుల సంఖ్యలో బొటులిజం కేసులు, అంటే ఆ విషం వల్ల కండరాలు చచ్చుబడే జబ్బు, బయటపడ్డాయి. చూపు మసకబారడం, మింగలేకపోవడం వంటి లక్షణాలతో వారిలో చాలామంది సొంత దేశాల్లోని ఆసుపత్రుల్లో చేరారు. అది చిన్న ప్రక్రియ అనుకుని ఎవరూ చిక్కుల కాగితం గీసుకుని ఉండరు.

మూడో అడుగు: డబ్బు లెక్క రెండుసార్లు వేయండి

మామూలు ప్రయాణ బీమా ముందే నిర్ణయించుకున్న శస్త్రచికిత్సను, దాని వల్ల వచ్చే చిక్కులను సాధారణంగా మినహాయిస్తుంది. పాలసీలో మినహాయింపుల పేజీని ముందు చదవండి. వైద్య ప్రయాణంలో వచ్చే చిక్కులకే ప్రత్యేకించిన పాలసీలు కొన్ని ఉన్నాయి. వాటిలో నాలుగు విషయాలు చూడాలి: ఆపరేషన్ తర్వాత ఎన్ని రోజుల వరకు రక్షణ ఉంటుంది, ఇంటికొచ్చాక జరిగే చికిత్సకూ వర్తిస్తుందా, ఐసీయూ పరిమితి ఎంత, సర్జన్ పేరు వాళ్ల జాబితాలో ఉండాలా. నెలకన్నా తక్కువ కాలానికి రక్షణ ఇచ్చే పాలసీని నేనైతే లెక్కలోకి తీసుకోను. కారణం మీ క్యాలెండర్లోనే ఉంది.

"చిక్కులు వస్తే ఉచితంగా చూస్తాం" అనే ప్యాకేజీ హామీని కూడా వాక్యం వాక్యం విప్పి చదవాలి. తిరిగి వెళ్లడానికి విమాన టికెట్ ఎవరిది? లీక్‌తో ఉన్నవాడు ఆ విమానం ఎక్కగలడా? హామీ ఆ ఆసుపత్రి గోడల లోపలే చెల్లితే, మీరు ఇంట్లో ఉన్న రోజున దాని విలువ సున్నా.

బీమా ఉన్నా లేకపోయినా చేతికి అందేలా కొంత సొమ్ము విడిగా ఉండాలి. నేను వాడే కొలత ఇది: ఆ ఆసుపత్రి ఐసీయూ రోజువారీ ధర రాతపూర్వకంగా అడగండి, దాన్ని పద్నాలుగు రోజులకు హెచ్చవేయండి, మరో ఆపరేషన్ ఖర్చు కలపండి, తోడు వచ్చినవారికి రెండు వారాల బస, కొత్త టికెట్లు కలపండి. ఆ మొత్తం చూసి గుండె జారితే, ప్యాకేజీ చవక కాదని ఇంట్లో ఉండగానే తెలిసిపోయినట్టు. స్ట్రెచర్ మీద మామూలు విమానంలో రావడానికే అనేక సీట్లు కొనాల్సి వస్తుంది. ఎయిర్ అంబులెన్స్ అయితే ఆపరేషన్ ఖర్చుకు ఎన్నో రెట్లు. క్రెడిట్ కార్డు పరిమితి పెంచుకోవడం, విదేశంలో వాడబోతున్నామని బ్యాంకుకు చెప్పడం చిన్న పనులే గానీ, అర్ధరాత్రి అడ్వాన్స్ కట్టమన్నప్పుడు పెద్దవవుతాయి.

వీసా, పాస్‌పోర్టు గడువులను అనుకున్న తేదీ కన్నా కనీసం నెల ఎక్కువ ఉండేలా చూసుకోండి. టికెట్ తేదీ మార్చుకోగలిగేది కొనండి.

నాలుగో అడుగు: సొంత ఊళ్లో వైద్యుణ్ని ముందే ఒప్పించండి

అందరూ దాటవేసేది ఇదే. చెప్పకుండా వెళ్లి, వచ్చాక చెబుదాంలే అనుకుంటారు. వైద్యుడు తిడతాడేమో అన్న మొహమాటం కొంత. కానీ క్యాలెండర్లో సగానికి పైగా గడులు నింపాల్సింది ఆయనే.

కనీసం ఆరు వారాల ముందు మీ కుటుంబ వైద్యుణ్ని కలవండి. రెండు మాటలు సూటిగా అడగండి: తిరిగొచ్చాక నన్ను చూస్తారా, రక్తపరీక్షలు రాస్తారా? తర్వాత మీకు అందుబాటులో ఉన్న ఆసుపత్రుల్లో బేరియాట్రిక్ విభాగం ఎక్కడుందో కనుక్కుని, విదేశంలో ఆపరేషన్ అయినవారిని చేర్చుకుంటారా అని రాసి అడగండి. ప్రాణం మీదికొస్తే అత్యవసర విభాగం చూస్తుంది. మామూలు ఫాలో-అప్ మాత్రం చాలాచోట్ల చూడరు, లేదా డబ్బు కట్టమంటారు. మీరు ఏ జవాబు ఎదుర్కోబోతున్నారో ముందే తెలియడం మేలు.

అదే సందర్శనలో శరీరాన్నీ సిద్ధం చేసుకోవాలి. హీమోగ్లోబిన్, ఐరన్, బి12, విటమిన్ డి పరీక్షలు ఇప్పుడే చేయించుకుంటే, రేపు లోపం కనిపించినప్పుడు అది పాతదో కొత్తదో తెలుస్తుంది. పొగ మానడం ఆపరేషన్‌కు ఆరు వారాల ముందే మొదలవాలి. గురక ఎక్కువై నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉంటే పరీక్ష చేయించుకుని, సీప్యాప్ యంత్రం వాడుతుంటే వెంట తీసుకెళ్లాలి.

వాడే మందుల పట్టిక సాధారణ పేర్లతో రాయించుకోండి. బ్రాండ్ పేర్లు దేశానికోలా మారతాయి. మధుమేహానికి ఎస్‌జీఎల్‌టీ2 రకం మందులు వాడేవారు వాటిని ఆపరేషన్‌కు మూడు నాలుగు రోజుల ముందే ఆపాలి. లేకపోతే రక్తంలో చక్కెర మామూలుగా కనిపిస్తూనే కీటోయాసిడోసిస్, అంటే రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయే ప్రమాదకర స్థితి, రావచ్చు. కోఆర్డినేటర్ పంపే ఫారంలో ఈ ప్రశ్న ఉంటుందన్న నమ్మకం లేదు. ఇన్సులిన్, రక్తపోటు మందులు, మూత్రం ఎక్కువ చేసే మాత్రలు ఆపరేషన్ తర్వాత ఎంత తగ్గించాలో కూడా ముందే రాయించుకోవాలి. తిండి ఒక్కసారిగా తగ్గాక పాత మోతాదులే వాడితే కళ్లు తిరిగి పడిపోతారు. బరువు తగ్గే ఇంజెక్షన్లు, రక్తం పలచబరిచే మందులు, గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే మత్తు వైద్యుడికి తప్పకుండా చెప్పండి.

ఐదో అడుగు: తోడు వచ్చే మనిషికి పని అప్పగించండి

ఒంటరిగా వెళ్లకండి. తోడు వచ్చేవారు విహారయాత్ర మనసుతో వస్తే ప్రయోజనం లేదు. నాడి లెక్కపెట్టడం, జ్వరం చూడటం, ఎన్ని గుక్కలు తాగారో రాయడం వారికి ఇంట్లోనే నేర్పండి. మీరు స్పృహలో లేనప్పుడు నిర్ణయం తీసుకునే అధికారం వారికి ఇస్తున్నట్టు సంతకం చేసిన పత్రం, ఆ దేశపు భాషలో అనువాదంతో సహా ఉంచుకోండి. మీ దేశ రాయబార కార్యాలయం నంబరు, ఆ దేశపు అంబులెన్స్ నంబరు ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి.

సమ్మతి పత్రం మీకు తెలిసిన భాషలో ఉండాలి. అదీ ఆపరేషన్ ఉదయాన కాదు, వారం ముందే. దుబాసీగా కమిషన్ తీసుకునే ఏజెంటు తప్ప ఇంకెవరైనా నయమే.

ఆరో అడుగు: విమానం ఎక్కడానికి తొందరపడకండి

ఛాతీ లేదా పొట్ట ఆపరేషన్ తర్వాత కనీసం పది రోజులు విమాన ప్రయాణం వద్దని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ సలహా. కొన్ని విమాన సంస్థలు అంతకన్నా ముందే ఎక్కనిస్తాయి. ఎక్కనివ్వడం వేరు, ఎక్కడం మంచిదవడం వేరు. లీక్ బయటపడే కాలంలో ఎక్కువ భాగం ఆసుపత్రికి అరగంట దూరంలోనే గడపడం నా దృష్టిలో ఈ మొత్తం ప్రణాళికలో అన్నిటికన్నా విలువైన ఖర్చు. పది నుంచి పద్నాలుగు రోజుల బస పెట్టుకోండి. ప్యాకేజీ హోటల్ ఆరో రోజుతో ముగిస్తే పక్కనే ఇంకో గది చూసుకోండి.

ఆ రోజుల్లో ఉదయం, మధ్యాహ్నం, రాత్రి నాలుగు అంకెలు రాయాలి: కూర్చుని ఉన్నప్పటి నాడి, ఉష్ణోగ్రత, తాగిన ద్రవం, మూత్రానికి వెళ్లిన సార్లు. రోజుకు లీటరున్నర దాకా గుక్కగుక్కగా తాగగలగడం లక్ష్యం. మొదటి రెండు మూడు రోజులు అంత పోదు, కంగారు పడనక్కర్లేదు. రోజురోజుకూ పెరుగుతోందా అన్నదే చూడాలి.

వీటిలో నాడి రారాజు. పొట్ట భారీగా ఉన్నవారిలో లోపల చీము పట్టినా పైనుంచి నొక్కితే గట్టిగా తెలియకపోవచ్చు. జ్వరం ఆలస్యంగా రావచ్చు. విశ్రాంతిలో ఉన్నా నాడి నిమిషానికి 120 దాటి, దిగకుండా ఉండటం లీక్‌కు తొలి సంకేతం కావచ్చని బేరియాట్రిక్ సర్జన్లందరికీ తెలుసు. తెలియనిది ఫోన్ ఎత్తే కోఆర్డినేటర్‌కే. "గ్యాస్ అండీ, రెండు రోజుల్లో పోతుంది" అంటారు. పూర్తిగా అబద్ధమూ కాదు. ల్యాపరోస్కోపీలో (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్లో) పొట్టలో నింపిన కార్బన్ డయాక్సైడ్ వల్ల మొదటి రెండు మూడు రోజులు భుజం లాగడం మామూలే. కానీ ఐదో రోజున కొత్తగా మొదలైన ఎడమ భుజం నొప్పి, పక్కనే 125 దగ్గర నాడి ఉంటే అది గ్యాస్ కాదు.

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా సందేశం పంపి జవాబు కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లిపోండి:

– నాడి 120 పైన నిలిచిపోవడం
– 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, వణుకు
– తగ్గాల్సిన కడుపునొప్పి పెరగడం, కొత్తగా భుజం నొప్పి
– ఊపిరి అందకపోవడం, ఛాతీ నొప్పి, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టడం
– రక్తపు వాంతి, నల్లని మలం, లేచి నిలబడితే కళ్లు తిరగడం
– పన్నెండు గంటలపాటు గుక్క ద్రవం కూడా నిలవకపోవడం, మూత్రం రాకపోవడం

ఇవేవీ లేకుండా "ఏదో ముంచుకొస్తోంది" అనే భయం మాత్రమే ఉన్నా వెళ్లండి. లీక్ వచ్చినవారిలో ఆ అకారణ ఆందోళన కూడా ఒక లక్షణంగా వైద్యులు చూస్తారు.

ఏడో అడుగు: కాగితాలు చేతికి రాకుండా గది ఖాళీ చేయకండి

డిశ్చార్జి సమ్మరీ ఒక పేజీ ఇస్తారు. "స్లీవ్ చేశాం, బాగుంది" అన్నంత సమాచారమే దానిలో ఉంటుంది. రేపు మీ దేశంలో సర్జన్‌కు కావలసింది ఆపరేషన్ నోట్. ఏ ఆపరేషన్, ఏ తేదీ, స్లీవ్ అయితే లోపల పెట్టిన బూజీ గొట్టం సైజు ఎంత, బైపాస్ అయితే పేగు భాగాల పొడవులు ఎంతెంత, పేగు పొరల మధ్య సందులు కుట్టారా లేదా, హెర్నియా ఏదైనా సరిచేశారా, లీక్ పరీక్ష ఎలా వచ్చింది. జీర్ణాశయానికి బ్యాండ్ వేసినా, లోపల బెలూన్ పెట్టినా దాని తయారీ పేరు, సీరియల్ నంబరు, నింపిన ద్రవం పరిమాణం. వీటితో పాటు మత్తు రికార్డు అడగండి. గొంతులో గొట్టం వేయడం కష్టమైందా అన్నది అందులో ఉంటుంది, అత్యవసరంగా మళ్లీ మత్తు ఇచ్చేవారికి అది బంగారం లాంటి సమాచారం. స్కాన్ల చిత్రాలు, కోసి తీసిన జీర్ణాశయం ముక్కకు చేసిన పాథాలజీ రిపోర్టు కూడా. చివరిది వారం పదిరోజుల తర్వాత వస్తుంది, ఇంటికి పంపించే పూచీ తీసుకోండి. అన్నీ మీ వైద్యుడు చదవగలిగే భాషలో ఉండాలి.

ఎనిమిదో అడుగు: ప్రయాణం రోజు

ఆరోగ్యంగా ఉన్నవారికే నాలుగు గంటలు దాటిన విమాన ప్రయాణం కాళ్లలో గడ్డల ప్రమాదాన్ని ఇంచుమించు రెట్టింపు చేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది. మీకు దాని మీద స్థూలకాయం, తాజా ఆపరేషన్ తోడవుతాయి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ రకం ఇంజెక్షన్లను ఇంటికొచ్చాక ఎన్ని రోజులు కొనసాగించాలో రాయించుకుని, ఆ సిరంజీలను వైద్యుడి చీటీతో సహా చేతిసంచిలో పెట్టుకోండి. సరిగ్గా కొలత తీసిన మేజోళ్లు, నడవ పక్క సీటు, గంటకోసారి నడక, తరచూ గుక్క నీళ్లు. సంచులు మీరు ఎత్తకండి. ఆపరేషన్ అయిన సంగతి విమాన సంస్థకు ముందే చెప్పి, వారడిగితే మెడిఫ్ అనే వైద్య పత్రం సర్జన్ చేత నింపించండి. దాచి ఎక్కితే, దారిలో ఏదైనా జరిగినప్పుడు బీమా సంస్థకు మీరే సాకు అందించినట్టు.

బయలుదేరే ఉదయం నాడి 110 ఉంటే టికెట్ వదులుకోండి.

తొమ్మిదో అడుగు: సొంత ఊరి అత్యవసర విభాగంలో ఏం చెప్పాలి

ఇంటికొచ్చాక చిక్కు వస్తే మొదట చూసేది బేరియాట్రిక్ నిపుణుడు కాకపోవచ్చు. డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరు కావచ్చు. సిగ్గుపడి ఆపరేషన్ సంగతి దాచేవారున్నారు. అది ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఒక కార్డు మీద ఈ మాటలు రాసి జేబులో ఉంచుకోండి: "ఫలానా తేదీన, ఫలానా దేశంలో నాకు ఫలానా ఆపరేషన్ అయింది. లీక్ అనుమానం ఉంటే బేరియాట్రిక్ సర్జన్ని పిలవండి. వాళ్లు చెప్పకుండా ముక్కు ద్వారా గొట్టం వేయవద్దు. వాంతులు అవుతుంటే గ్లూకోజ్ సెలైన్ కన్నా ముందు థయమిన్ ఇవ్వండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటి నొప్పిమందులు వద్దు."

ప్రతి వాక్యానికీ కారణం ఉంది. కొత్త అతుకు మీదుగా గుడ్డిగా తోసిన గొట్టం దాన్ని చీల్చగలదు. థయమిన్ అడుగంటిన ఒంట్లోకి గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. ఇంకొకటి: సీటీ స్కాన్ బాగుందని చెప్పినా లీక్ లేదని దానర్థం కాదు. నాడి దిగకపోతే లోపలికి కెమెరా పెట్టి చూడాల్సిందేనా అని మర్యాదగానే, కానీ వదలకుండా అడగండి.

విదేశీ ఆసుపత్రిలో ఉండి వచ్చానని కూడా చెప్పాలి. 2018, 2019లలో మెక్సికోలోని టిహువానాలో ఆపరేషన్లు చేయించుకున్న అమెరికన్లలో ఎన్నో యాంటీబయాటిక్‌లకు లొంగని సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లు బయటపడ్డాయి. వారిలో ఎక్కువమంది చేయించుకున్నది బరువు తగ్గించే సర్జరీయే. ఈ మాట ముందే తెలిస్తే వైద్యులు చీమును కల్చర్‌కు పంపి, సరైన మందుతో మొదలుపెట్టగలరు.

పదో అడుగు: ఏళ్ల తరబడి తెరిచి ఉండే గడులు

మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆపై ఏటా రక్తపరీక్షలు. విటమిన్లు జీవితాంతం. పిత్తాశయం ఉన్నవారు రాళ్లు రాకుండా మొదటి ఆరు నెలలు అర్సోడీఆక్సీకోలిక్ ఆమ్లం వాడాలా అని తమ వైద్యుణ్ని అడగాలి. మహిళలు ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం వాయిదా వేయడం మంచిది. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రల మీద పూర్తిగా ఆధారపడకుండా వేరే పద్ధతి ఎంచుకోవాలి.

బైపాస్ అయినవారు మాత్రం ఆపరేషన్ నోట్‌ను ఎన్నటికీ పారేయకూడదు. బరువు బాగా తగ్గాక పేగు పొరల్లోని కొవ్వు కరిగి, కుట్టిన సందులు కూడా మళ్లీ తెరుచుకోవచ్చు. రెండేళ్ల తర్వాత ఒక సాయంత్రం, తిన్న కాసేపటికి, బొడ్డు పైన మెలితిప్పే నొప్పి వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. చూసినవాళ్లు గ్యాస్ట్రిక్ ట్రబుల్ అంటారు. అప్పటికి మీరు సన్నగా ఉంటారు కాబట్టి ఎవరికీ పాత సర్జరీ స్ఫురించదు. ఆ రాత్రి అత్యవసర విభాగంలో "సందులు కుట్టారా లేదా" అన్న ఒక్క వాక్యం ఉన్న ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టి, అంతర్గత హెర్నియా కాదని తేల్చాకే ఇంటికి పంపమని అడగండి.